పాప ఏమైంది?

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చేరి పదిహేను రోజులైంది. రెండుసార్లు చదివాను. మూడోసారి మొదలుపెట్టి, కోపం వచ్చి, పంచాంగం కింద పెట్టేశాను. నిన్న రాత్రి కరెంటు పోయింది. అరుగు మీద కూర్చుంటే నీ కథలోని అన్నయ్య గుర్తుకొచ్చాడు. పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్న ఆ కుర్రవాడు నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకని ఈ ఉత్తరం. నువ్వు ఆరు ప్రశ్నలు అడిగావు. ఆరింటికీ జవాబులు వస్తాయని ఎదురుచూడకు. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే, దాని చుట్టూనే తిరుగుతాను.

మెచ్చుకోలు ముందు కానిచ్చేస్తాను. గుణుపురంలో ఒడియా బడిలో చదువుకుని, ఇంట్లో అమ్మ దగ్గర ఓనమాలు దిద్దుకున్న పిల్లవు. అయినా నీ వాక్యంలో తడబాటు లేదు. ఇక కోపం సంగతికి వద్దాం.

నీ కథలో అన్నయ్య రాయగడలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాడు. విశాఖపట్నం వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల దుకాణాలు గాలించి స్పైడర్‌మ్యాన్ కామిక్స్ తెచ్చుకుంటాడు. ఇంగ్లీషు రాని చెల్లెలి కోసం మాటల బుడగల కింద సన్నటి పెన్సిల్‌తో తెలుగు రాసి పెడతాడు. ఒకనాడు ఆ కథలో స్పైడర్‌మ్యాన్ ముసుగు వేసుకునే పీటర్ పార్కర్ పెళ్ళిని అసలు జరగనేలేదన్నట్టు మార్చేశారని తెలిసి ఆ పూట అన్నం మానేస్తాడు. అక్కడ నువ్వు రాసిన వాక్యం: "బొమ్మల పుస్తకంలో పెళ్ళి పోతే మా ఇంట్లో పప్పు చల్లారింది." నవ్వు వచ్చింది, దాచను. ఆ తర్వాత రెండు పేజీలు అతన్ని ఎగతాళి చేస్తూనే ఉన్నావు. మీసాలు వచ్చినవాడు కాగితం మనిషి కాపురం కూలిందని కుమిలిపోవడం నీకు హాస్యంగా కనిపించింది.

అంతవరకు సహించాను. చివరి పేజీలో ఏం చేశావు? అన్నయ్య ఆరేళ్ళ వయసులోనే జ్వరంతో పోయాడట. దుకాణం, విశాఖ ప్రయాణాలు, చల్లారిన పప్పు, అంతా చెల్లెలి ఊహట.

అమ్మాయీ, పదమూడు పేజీల పాటు నేను ఆ కుర్రవాడి పక్కన కూర్చున్నాను. పద్నాలుగో పేజీలో నువ్వు వచ్చి, ఆ పీట మీద ఎవరూ లేరు మాస్టారూ అన్నావు. మరి ఆ పెన్సిల్ తెలుగు ఎవరు రాశారు? నీ కథలో దీనికి జవాబు లేదు. ఎవరి బాధ చూసి నవ్వావో, ఆ బాధే తెచ్చి నాకు పెట్టావు. నిన్న రాత్రి నేనూ సరిగ్గా తినలేదు. దానికి కరెంటు కూడా కొంత కారణమనుకో.

ఆ పెళ్ళి సంగతి నువ్వు ఎవరో చెప్పగా విని రాశావని తెలిసిపోతోంది. నేను చెప్తాను విను. మా మనవడు బరంపురంలో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో పోగు చేసిన రెండు అట్టపెట్టెలు మా అటక మీద ఉండేవి. ఉద్యోగ విరమణ తర్వాత కిందికి దింపి, ఒక్క కాగితం వదలకుండా చదివాను. మా ఆవిడ ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దని బతిమాలింది.

పీటర్ పార్కర్‌కూ మేరీ జేన్‌కూ 1987లో పెళ్ళయింది. పుస్తకంలో అయిన పెళ్ళి చాలదన్నట్టు, న్యూయార్క్‌లోని షే స్టేడియంలో వేషాలు వేసినవాళ్ళతో జనం ముందు మళ్ళీ జరిపించారు. పురోహితుడి స్థానంలో నిలబడింది స్టాన్ లీ, ఆ పాత్రను పుట్టించిన ఇద్దరిలో ఒకడు. అంటే ప్రచురణకర్తలే ఊరంతటికీ శుభలేఖలు పంచినట్టు. ఇరవై ఏళ్ళు కాపురం సాగింది. 2007లో, తుపాకి దెబ్బ తిని చావు బతుకుల్లో ఉన్న, పీటర్‌ను పెంచిన ముసలావిడ మే ప్రాణం కోసం, ఆ దంపతులు మెఫిస్టో అనే పిశాచంతో బేరం కుదుర్చుకున్నారు. ప్రాణం నేనిస్తాను, మీ పెళ్ళి నాకివ్వండి అన్నాడు వాడు. ఇచ్చేశారు. తెల్లారేసరికి పీటర్ బ్రహ్మచారి. విడాకులైనా నయం, పాత కాపురం ఒకటి ఉండేదని వాటికి గుర్తుంటుంది. ఇక్కడ ఆ పెళ్ళి ఎన్నడూ జరగలేదు. ఊరికి గుర్తు లేదు, పెళ్ళికొడుక్కీ గుర్తు లేదు. చదివినవాళ్ళకు మాత్రం గుర్తుంది. ఆ గుర్తును ఏ పిశాచమూ తీసుకుపోలేదు. నీ అన్నయ్య అన్నం మానేసింది అందుకు.

మధ్యలో ఒక మాట. ఇంగ్లీషులో ఆ మే అందరికీ ఆంటీ. బెన్ పీటర్ తండ్రికి అన్న, ఆవిడ బెన్ భార్య. మన వరసలో పెద్దమ్మ. మీ అన్నయ్య పెన్సిల్‌తో ఏమని రాశాడు? అత్త అని రాసి ఉంటే తప్పు, పెద్దమ్మ అని రాసి ఉంటే ఆ కుర్రవాడు నిజమైన అనువాదకుడు. ఇలాంటి వివరం ఒక్కటి ఇచ్చి ఉంటే నీ కథ ఇంకో మెట్టు ఎక్కేది. నువ్వేమో అతని మీసాల గురించి అరపేజీ రాశావు.

ఆ మార్పు చేయించింది అప్పటి ప్రధాన సంపాదకుడు జో కెసాడా. బొమ్మలు వేసింది కూడా ఆయనే. పెళ్ళయిన స్పైడర్‌మ్యాన్ పెద్దవాడైపోయినట్టు కనిపిస్తాడని, కథలకు చోటు తగ్గిపోతుందని ఆయన వాదన. రాసిన స్ట్రాజిన్‌స్కీకి ఆ ముగింపు నచ్చలేదు. చివరి రెండు సంచికల మీద తన పేరు తీసేయమనేదాకా వెళ్ళాడు. రాసినవాడికే మింగుడు పడనిది చదివినవాడు ఎందుకు మింగాలి?

పెళ్ళయితే నాయకుడు ముసలివాడైపోతాడన్న వాదన మీద నాకు వ్యక్తిగతంగా కోపం ఉంది. నేను ఫాంటమ్ చదివి పెరిగినవాణ్ణి. మా మేనమామ నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైల్లో గార్డు. బండి ఎంత నెమ్మదిగా నడిచేదంటే, దిగి పొలంలో చెరుకు విరుచుకుని మళ్ళీ ఎక్కవచ్చని ఊళ్ళో హాస్యమాడేవారు. ఆయన డ్యూటీ దిగి వస్తూ ఇంద్రజాల్ కామిక్స్ తెచ్చేవాడు. పెట్టె లోపల సంచికలు, పైన చేపలు. ఇప్పటికీ ఫాంటమ్ అంటే నాకు ముందు ఎండుచేపల వాసన వస్తుంది. ఆ ఫాంటమ్ 1977లో డయానాను పెళ్ళాడాడు. కవలలు పుట్టారు. ముసుగు ముసుగులాగే ఉంది, కథ కథలాగే నడిచింది. అడవి జనం ఇతనికి చావు లేదనుకుంటారు, చదివే మనకు మాత్రం ఇతను ఇరవై ఒకటో వాడని, తండ్రి పోతే కొడుకు ముసుగు వేసుకుంటాడని తెలుసు. కాలం గడిచిపోతోందన్న గొడవను ఫాంటమ్‌ను పుట్టించిన లీ ఫాక్ ఎవరి పెళ్ళీ చెరపకుండా తీర్చుకున్నాడు.

వెనక్కి వెళ్ళి జరిగిపోయిన కథను మార్చడానికి కామిక్స్ వాళ్ళు రెట్కాన్ అని పేరు పెట్టుకున్నారు. రాయ్ థామస్ అనే రచయిత 1983లో తన పత్రిక ఉత్తరాల శీర్షికలో వాడిన ఒక మాట కురచై అలా తయారైంది. దాన్ని నేను రెండుగా చీలుస్తాను. ఒకటి చేర్పు, రెండోది చెరుపు. నా నమ్మకం మొత్తం ఇంతే. నలభై ఏళ్ళుగా ఎవరు దొరికితే వాళ్ళకు చెప్తున్నాను, ఇప్పుడు నువ్వు దొరికావు.

చేర్పుకు మనవాళ్ళు ఏనాడూ అడ్డు చెప్పలేదు. సేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వాల్మీకిలో లేదు. లక్ష్మణుడు గీసిన గీత లేదు. వ్యాసుడిలో శశిరేఖ లేనే లేదు, అభిమన్యుడి భార్య ఉత్తర. తెలుగువాడు శశిరేఖకు పెళ్ళి చేసి, ఆ పెళ్ళి భోజనం మొత్తం ఘటోత్కచుడికి పెట్టి, ఇప్పటికీ చప్పట్లు కొడుతున్నాడు. అయితే చూడు, శశిరేఖ వచ్చినందువల్ల ఉత్తర పోలేదు. పరీక్షిత్తు పుట్టకుండా ఆగలేదు. మన ముత్తాతలు ఉన్న ఇంటికి ఒక గది కలిపారు, ఎవరినీ వీధిలోకి నెట్టలేదు.

చందమామలో విక్రమార్కుడు ప్రతి నెలా శవాన్ని దింపేవాడు, భేతాళుడు ప్రతి నెలా చెట్టెక్కేవాడు. ఒడియాలో అదే పత్రిక జన్హమామూ పేరుతో వచ్చేది. మా వీధిలో రెండు భాషల పిల్లలం రెండూ మార్చుకుని చదివేవాళ్ళం. శవం మళ్ళీ చెట్టెక్కిందని ఎవరూ పోట్లాడలేదు, ఎందుకంటే ఒప్పందం మొదటి రోజే జరిగింది. పెళ్ళి జరిపించి, ఇరవై ఏళ్ళు పోషించి, తర్వాత ఒప్పందం మార్చడం వేరు.

చావును కూడా పాఠకుడు క్షమిస్తాడు. 1973లో పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని వంతెన మీద నుంచి తోసేశారు. స్పైడర్‌మ్యాన్ దారం వేసి పట్టుకున్నాడు, ఆ పట్టుకోవడంలోనే ఆమె మెడ దగ్గర చిన్న అక్షరాల్లో ఒక శబ్దం. రాసిన జెరీ కాన్వేకు అప్పటికి ఇరవై ఏళ్ళు, నీకంటే చిన్నవాడు. కోపంతో ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. అయినా యాభై ఏళ్ళ తర్వాత కూడా జనం ఆ సంచికను తలుచుకుని బాధపడతారు, దాన్ని తీసేయమని అడగరు. పోయినవాళ్ళ ఫోటోకు దండ వేయవచ్చు. చెరిపేసినవాళ్ళకు ఫోటో ఉండదు కదా.

ఇప్పుడు నా పాపం చెప్పుకోవాలి.

1984లో ఒక వారపత్రికలో నా నవల ధారావాహికగా వచ్చింది. పత్రిక పేరు చెప్పను, అది ఇప్పుడు లేదు, సంపాదకుడూ లేడు. అందులో కథానాయిక ఇంట్లో చెప్పకుండా ఒక పొగాకు బేరగాణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. ఒక పాప పుడుతుంది. ఇరవై రెండో వారం వచ్చేసరికి సంపాదకుడి నుంచి ట్రంక్ కాల్. అప్పట్లో మా వీధిలో ఫోను లేదు. తపాలా కచేరీ నుంచి మనిషి వచ్చి పిలిస్తే, బడి మధ్యలో వదిలి పరుగెత్తాను. పాఠకురాళ్ళకు ఆ బేరగాడు నచ్చలేదట. డాక్టరు పాత్రతో పెళ్ళి చేయమంటున్నారట. ఇప్పుడు ఎలా కుదురుతుంది, పాప కూడా పుట్టింది కదా అన్నాను. "అదంతా కల అని రాసేయండి మాస్టారూ, ఎవరికి గుర్తుంటుంది" అన్నాడు. ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

రాసేశాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇంటి పైకప్పు కారుతోంది, వారానికి వచ్చే ఆ డబ్బు కావాలి. ఇరవై మూడో వారంలో కథానాయిక దుప్పటి తీసి లేచి కూర్చుంది. డాక్టరు గుమ్మంలో నిలబడి నవ్వాడు. పత్రిక అమ్మకాలు తగ్గలేదు. సంపాదకుడు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు.

రెండు వారాల తర్వాత కాశీనగర్ నుంచి ఒక కార్డు వచ్చింది. పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలతో, అప్పుడప్పుడే రాయడం నేర్చుకున్న పెద్దావిడ చేతిరాత. సంతకం లేదు, మర్యాదలు లేవు. ఒకటే ప్రశ్న: "పాప ఏమైంది?"

అంతవరకు నాకు తట్టనే లేదంటే నమ్ముతావా? పెళ్ళిని చెరిపాను, బేరగాణ్ణి చెరిపాను. ఐదు నెలల పాపను, పేరు పెట్టి, ఉయ్యాల వేసి, పాట కూడా పాడించిన పాపను, ఏం చేశానో నేనే చూసుకోలేదు. తర్వాత ఆ నవల పుస్తకంగా వస్తున్నప్పుడు మార్చి రాస్తానన్నాను. వారపత్రికలో వచ్చినట్టే వేస్తాం, మళ్ళీ అక్షరాలు కూర్చే ఖర్చు ఎవరిస్తారు అన్నాడు ప్రచురణకర్త. ఇప్పటికీ ఆ పుస్తకంలో ఆవిడ దుప్పటి తీసి లేస్తూనే ఉంది.

మనవడి పెట్టెలో నాకు ఊపిరి ఆగినంత పనైన చోటు ఒకటుంది. స్పైడర్‌మ్యాన్‌కు కూడా ఒక పాప ఉంది. 1996లో పుట్టింది. పుట్టీ పుట్టగానే పోయిందన్నారు. శత్రువు మనిషి ఎత్తుకుపోయినట్టు చూచాయగా చూపించి వదిలేశారు. అంతకు ముందు ఏడాదే, నాలుగువందో సంచికలో, పెద్దమ్మ మే కన్నుమూసింది. కొడుకులాంటి పీటర్ పక్కన ఉండగా, నెమ్మదిగా. చాలా మందికి ఇష్టమైన సంచిక అది, నేనూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. 1998లో ఏం చేశారు? మే బతికే ఉంది అని ఒక కబురు వచ్చింది. పాప పేరు కూడా మేయే. పీటర్ పాప కోసం పరుగెత్తాడు, పాఠకులూ అతనితో పరుగెత్తారు. తలుపు తీస్తే లోపల పెద్దమ్మ! అప్పుడు చనిపోయింది ఆవిడ వేషం వేసుకున్న నటి అట. ఒక్క దెబ్బతో మంచి చావు ఒకటి చెరిపారు, బతికి ఉండవలసిన పాపనూ చెరిపారు. తొమ్మిదేళ్ళ తర్వాత అదే పెద్దమ్మ కోసం పెళ్ళిని కూడా చెరిపారు. ఆవిడ మీద నాకేమీ కోపం లేదు, ఆవిడను అడ్డం పెట్టుకున్నవాళ్ళ మీదే.

అయితే అదే 1998లో ఇంకొకటి కూడా జరిగింది. టామ్ డిఫాల్కో అనే రచయిత, పాప దొరికిన మరో లోకం ఉంటే ఎలా ఉంటుంది అని రాశాడు. అక్కడ ఆ మే పెరిగి పదిహేనేళ్ళదై, తండ్రిలాగే గోడలెక్కింది. స్పైడర్‌గర్ల్ అని ఆ పుస్తకానికి పేరు. ఆపేస్తామని ప్రచురణకర్తలు అన్నప్పుడల్లా పాఠకులు ఉత్తరాలు రాసి, గోల చేసి నిలబెట్టుకున్నారు. నూరు సంచికలు వచ్చింది. కాశీనగర్ పెద్దావిడ అడిగిన ప్రశ్ననే వాళ్ళందరూ అడిగారు. వాళ్ళకు జవాబిచ్చిన రచయిత దొరికాడు. కాశీనగర్‌కు నేను దొరికాను.

అందుకే నీ కథలో ఆ రెండు పేజీల ఎగతాళి నాకు గుచ్చుకుంది.

అలాగని అభిమానులందరూ ధర్మరాజులని అనుకోకు. 1988లో బ్యాట్‌మ్యాన్ పక్కన ఉండే రెండో రాబిన్, జేసన్ టాడ్, బతకాలా చావాలా అని ఫోను నంబర్లిచ్చి జనాన్ని అడిగారు. చావాలని 5,343 ఫోన్లు, బతకాలని 5,271. తేడా 72. కోపం వచ్చినవాడి చేతికి కత్తి ఇస్తే ఏమవుతుందో అదే అయింది. తర్వాత 2005లో అతన్ని వెనక్కి తెచ్చారు. ఎలాగంటే, వేరే లోకంలో ఒకడు కోపంతో గోడను గుద్దితే సృష్టి అదిరి చచ్చినవాడు లేచాడట. మా బడిలో హోంవర్కు చేయని పిల్లలు ఇంతకంటే నమ్మదగిన కారణాలు చెప్పేవారు. 2012లో పీటర్ శరీరంలోకి శత్రువు ప్రవేశించినట్టు రాసినందుకు డాన్ స్లాట్‌ను చంపుతామని బెదిరించినవాళ్ళున్నారు. వాళ్ళను నేను పాఠకులనను. 2011లో మైల్స్ మొరాలెస్ అనే నల్లజాతి కుర్రవాడు మరో లోకం కథలో ఆ ముసుగు వేసుకున్నప్పుడు గోల చేసినవాళ్ళున్నారు. అది చేర్పు. అసలు పీటర్ తన లోకంలో క్షేమంగానే ఉన్నాడు. అక్కడ గోల చేసినవాళ్ళకు పోయిందేమీ లేదు, బుద్ధి మాత్రమే బయటపడింది.

కెప్టెన్ అమెరికా సంగతి వేరు. సైమన్, కిర్బీ అనే ఇద్దరు యూదు యువకులు 1940లో అతన్ని సృష్టించి, మొదటి అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొట్టించారు. 2016లో అతను మొదటి నుంచీ శత్రువుల మనిషేనని ఒక్క పేజీలో చెప్పారు. మరుసటి సంచికలోనే, అది మాయశక్తి అతని గతాన్ని తిరగరాయడం వల్ల జరిగిందని వివరణ వచ్చింది. అయినా జనం చల్లబడలేదు. ఎలా చల్లబడతారు? తాతగారిని దొంగ అని, వారం తర్వాత పొరపాటు అంటే సరిపోతుందా?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది బార్బరా గోర్డన్. 1988లో జోకర్ కాల్చిన తూటాకు ఆమె నడుము కింది భాగం చచ్చుబడింది. బ్యాట్‌గర్ల్ వేషం పోయింది. చక్రాల కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ల ముందు, వీరులందరికీ దారి చూపే ఒరాకిల్‌గా మారింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేసింది. 2011లో బ్యాట్‌మ్యాన్ ప్రచురణకర్తలైన డీసీ వాళ్ళు మొత్తం 52 పుస్తకాలను ఒకటో సంచిక నుంచి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆమె లేచి నడిచి మళ్ళీ బ్యాట్‌గర్ల్ అయింది. సంతోషించాలి కదా? వికలాంగ పాఠకులు చాలామంది బాధపడ్డారు. నాతో పనిచేసిన లెక్కల టీచరమ్మ మూడు చక్రాల బండి మీద బడికి వచ్చేది. ఒకరోజు మాటల్లో ఈ కథ చెప్పాను. ఆవిడ కొంచెం సేపు ఊరుకుని, "కాళ్ళు వస్తే వచ్చాయి మాస్టారూ, ఇన్నాళ్ళు కూర్చుని చేసిన పనిని ఏం చేశారు?" అంది. చూశావా, మళ్ళీ అదే కార్డు.

నువ్వు ఈ పని ఎందుకు చేశావో నాకు తెలుసు. కొసమెరుపు. ఆ మాట వింటేనే నాకు పళ్ళు పులుస్తాయి. కథల పోటీల ప్రకటన ఏది చూసినా న్యాయనిర్ణేతలు దాని కోసమే చూస్తున్నట్టు ఉంటుంది. చివరి పేరాలో చనిపోయినవాడు లేవాలి, బతికినవాడు దెయ్యమై ఉండాలి, తల్లి తల్లి కాకుండా పోవాలి. ఒకసారి నన్ను కూడా న్యాయనిర్ణేతగా పిలిచారు. వచ్చిన కథల్లో పదకొండు కలలు, నాలుగు దెయ్యాలు. అవేమీ లేని కథ ఒకటి ఉంది, ఇద్దరు అన్నదమ్ములు బావి పంచుకునే కథ. బహుమతి దానికే ఇవ్వాలన్నాను. మిగతా ఇద్దరూ చివర్లో ఏమీ జరగలేదు కదా అన్నారు. తర్వాత నన్ను ఎవరూ పిలవలేదు.

మెరుపు వద్దని అనడం లేదు. మెరిసినప్పుడు అంతవరకు చీకట్లో ఉన్న చెట్టూ గుట్టా కనిపించాలి. నీ మెరుపుకు ఉన్న చెట్టు కూడా కాలిపోయింది.

పాఠకుణ్ణి ఎలా గౌరవించాలో 1960లలో స్పైడర్‌మ్యాన్ ప్రచురణకర్తలైన మార్వెల్ వాళ్ళకు కొంత తెలుసు. కథలో తప్పు కనిపెట్టి, అది తప్పు కాకుండా ఉండే కారణాన్ని కూడా తానే అల్లి పంపిన పాఠకుడికి నో-ప్రైజ్ అని ఒక బహుమతి పంపేవారు. అది ఖాళీ కవరు. మీరు గెలిచిన బహుమతి లోపల ఉంది అని పైన రాసి ఉండేది. పిల్లలు దాన్ని పటం కట్టుకునేవారట. మన పత్రికలు కూడా పారితోషికం పేరుతో నాకు అలాంటి కవర్లు కొన్ని పంపాయి. వాటిలో హాస్యం మాత్రం లేదు.

సరిహద్దులో పుట్టినదానివి, ఈ చెరుపు సంగతి నీకు ఇంకా బాగా తెలియాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. మా తాతగారు మద్రాసు రాజధానిలో పడుకుని ఒడిశాలో నిద్ర లేచారు, మంచం జరగలేదు. కూతవేటు దూరంలోని పాతపట్నం అటే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు దశాబ్దాల పాటు ఈ ఊళ్ళో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టి, వాడుక తెలుగు కోసం పండితులందరితో పోరాడి, ఆ ఏడాదే రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పుడు మా ఊరి కథ చెప్పేవాళ్ళలో ఇక్కడ తెలుగు ఎన్నడూ లేదనేవాళ్ళున్నారు, ఒడియా నిన్నగాక మొన్న వచ్చిందనేవాళ్ళున్నారు. ఇద్దరూ కెసాడా శిష్యులే. నా మొదటి కథను ఒక సంపాదకుడు "మీ తెలుగులో ఒడియా వాసన వస్తోంది" అని తిప్పి పంపాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మరొకాయన, సరిహద్దు కథ అంటున్నారు, ఒడియా మాటలు నాలుగు చల్లరాదా అన్నాడు. కూరలో కొత్తిమీర చల్లినట్టు! నువ్వు అడిగిన మూడో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది, వెతుక్కో.

ఇక నీ కథకు చేయవలసిన పని. పద్నాలుగో పేజీ చించేయి. అన్నయ్యను బతకనివ్వు. అన్నం మానేసిన ఆ రాత్రి అతను ఏం చేశాడో రాయి. పెన్సిల్ తీసుకుని పెళ్ళి సంచిక మళ్ళీ తెరిచాడా? రబ్బరు తీసుకుని తాను రాసిన తెలుగంతా తుడిచేయబోయి ఆగాడా? నాకు తెలియదు, నీకు తెలిసి ఉండాలి. చెల్లెలు నవ్వితే నవ్వనీ, ఆ వయసు పిల్లలు నవ్వుతారు. నవ్వేది చెల్లెలు కావాలి, రాస్తున్న నువ్వు కాకూడదు. పప్పు వాక్యం ఉంచు. మీసాలు తీసేయి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ పంపకు. కలం పేరు గురించి నేనేమీ చెప్పను, అది నీకూ మీ అమ్మకూ సంబంధించిన విషయం. మిగిలిన ప్రశ్నలు రాసిన కాగితం మీద మనవరాలు మజ్జిగ ఒలకబోసింది.

ఇంకొక్కటి అడగాలి. ఆ పెన్సిల్ తెలుగు కల్పించి రాసేది కాదు. అది చూసి రాశావు. కాబట్టి మీ అన్నయ్య ఎక్కడో ఉన్నాడని అనుకుంటున్నాను. ఉంటే, వచ్చే ఆదివారం రైల్లో ఇద్దరూ రండి, స్టేషను నుంచి మా ఇంటికి నడవవచ్చు. ఆ పాప పెరిగిన సంచికలు మా మనవడి పెట్టెలో మూడే ఉన్నాయి. అతని దగ్గర ఇంకేమైనా ఉంటే, బుడగల కింద రాసినవైనా సరే, సంచిలో వేసుకుని రమ్మను.

మీ మాస్టారు